అడ్డపొగ నాన్నమ్మ, మూడు గ్లాసుల ఉల్లిపాయలు: పసుపు నిజంగా జన్యువుల్ని కాస్తుందా?

కళింగపట్నం టీచరు:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక కథ పొడుగు. కాస్త ఓపిక పట్టండి.

మాది కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా నాన్నమ్మకి 78 ఏళ్ళు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ అడ్డపొగ తాగుతోంది. ఈ మాట తెలియని జిల్లాల వాళ్ళ కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించాక నిప్పున్న కొసని నోట్లోపలికి పెట్టి, పెదాలు బిగించి పీల్చడమే అడ్డపొగ. కొత్తగా చూసినవాళ్ళు హడలిపోతారు. మాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఇంటి వాసన అదే. తలమీద చేపల బుట్ట, దాన్ని పట్టుకోడానికి ఒక చెయ్యి, ఎదురుగా సముద్రపు గాలి. నిప్పు బయట ఉంటే చుట్ట చూస్తుండగానే కాలిపోతుంది, లేదా తడిసి ఆరిపోతుంది. లోపలుంటే ఒక్క చుట్ట గార ఊరి దాకా నడిచేంతసేపు వస్తుందని నాన్నమ్మ లెక్క.

ఈ అలవాటు మీద మన జిల్లాలోనే పెద్ద సర్వే జరిగింది. డెన్మార్క్ డాక్టరు పిండ్‌బోర్గ్, మన దేశపు మెహతా, గుప్తా వాళ్ళు కలిసి 10,169 మంది ఊళ్ళవాళ్ళ అంగిళ్ళు పరీక్ష చేసి 1971లో అచ్చేశారు. వాళ్ళలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ వాళ్ళే. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా పుట్టనే లేదు. ఆ పదివేల మందిలో నువ్వూ ఉన్నావా అని నాన్నమ్మని అడిగాను. "ఎవులో వొచ్చి నోట్లో లైటేసి సూసినారే. ఎప్పుడో నాకు గేపకం లేదు" అంది.

రెండు నెలల కిందట బతిమాలి టౌనుకి, పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అంగిలి అంతా తెల్లగా, ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. "ఇది అడ్డపొగ వాళ్ళందరికీ ఉండేదే. కానీ ఎడమవైపు ఈ ఒక్క మచ్చ నాకు నచ్చలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం" అన్నారాయన. ముక్క అనేసరికి నాన్నమ్మ లేచి చెప్పులేసుకుంది.

ఆ సంగతి తెలిసి చుట్టాలబ్బాయి ఒకడు సీసా పట్టుకొచ్చాడు. కర్క్యుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) 500 మిల్లీగ్రాములు, మిరియాల సారంతో, 60 బిళ్ళలు, 1,200 రూపాయలు. "దెబ్బతిన్న డీఎన్‌ఏని రిపేరు చేస్తాది మామ్మా, కోత అక్కర్లేదు" అని చెప్పాడట. నాన్నమ్మ సీసా అటూ ఇటూ తిప్పి నాతో, "నిప్పు నోట్లో ఎట్టుకుని అరవై ఏళ్ళు బతికినాను, ఈ బిళ్ళ నన్నేటి బతికిస్తాదే గుంటా?" అంది. అంది గానీ సీసా మాత్రం తలగడ కింద దాచుకుంది.

ఇది ఉత్త వ్యాపారమే అనుకుని వెతకడం మొదలుపెట్టాను. తీరా చూస్తే పూర్తిగా గాలి మాట కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 16 మంది పొగతాగేవాళ్ళకి రోజుకి గ్రామున్నర పసుపు చొప్పున నెల రోజులు ఇచ్చారు. వాళ్ళ మూత్రంలో జన్యువుల్ని దెబ్బతీసే పదార్థాలు బాగా తగ్గాయని 1992లో రాశారు. పొగతాగని ఆరుగురిలో ఏ తేడా లేదు. ఇది చదివాక నాకు టెన్షన్ తగ్గాల్సింది పోయి పెరిగింది. బిళ్ళలు వద్దని చెప్పే హక్కు నాకుందా అని.

సరే, తొమ్మిదో తరగతి పిల్లలకి కణవిభజన పాఠం ఎలాగూ ఉంది. ఉల్లిపాయల మీద చూద్దామనుకున్నాం. ఎండిన వేళ్ళు గీకేసిన చిన్న ఉల్లిపాయల్ని గ్లాసుల మీద పెట్టి మంచినీళ్ళలో మూడు రోజులు ఉంచితే తెల్లటి వేళ్ళు దిగాయి. తర్వాత ఒక గ్లాసులో మంచినీళ్ళే ఉంచాం. రెండోదాంట్లో నాన్నమ్మ చుట్ట ఒకటి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడకట్టిన నీళ్ళు. మూడోదాంట్లో అవే చుట్టనీళ్ళు, ఒక చెంచా పసుపు. ఒక రోజు ఆగి, పొద్దున్నే వేరు కొసలు కోసి, స్పిరిట్లో ఎసిటిక్ ఆసిడ్ కలిపి నానబెట్టి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, స్లైడు మీద బొటనవేలితో నొక్కి చూశాం. మా స్కూల్లో బాగా పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటే. పిల్లలు వంతులవారీగా లెక్కపెట్టారు. గొడవలు పడ్డారు, మళ్ళీ లెక్కపెట్టారు.

ఒక్కో గ్లాసుకి 500 కణాలు. మంచినీళ్ళలో విడిపోతున్న కణాలు 41, మైక్రోన్యూక్లియస్ ఉన్నవి సున్నా. చుట్టనీళ్ళలో విడిపోతున్నవి 17, మైక్రోన్యూక్లియస్ ఉన్నవి 6. పసుపు కలిపిన చుట్టనీళ్ళలో విడిపోతున్నవి 5, మైక్రోన్యూక్లియస్ ఉన్నవి 2. (మైక్రోన్యూక్లియస్ అంటే కణంలో పెద్ద లడ్డూ పక్కన రాలిన బూంది గింజలా కనిపించే చిన్న ముక్క. విరిగిన క్రోమోజోము తునక అలా మిగిలిపోతుంది.)

ఆరు రెండయ్యేసరికి పిల్లలు "పసుపు గెలిచింది!" అని బల్లలు చరిచారు. నాకెందుకో పూర్తిగా సంబరం రాలేదు. ఎందుకో చెప్పలేకపోతున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి, పసుపు నిజంగా గెలిచిందా? మూత్రంలో తగ్గితే అంగిలికి మంచి జరిగినట్టేనా? ఆ సీసా తలగడ కింద నుంచి తీయించాలా, వద్దా?

ఉల్లివేరు:

టీచరు గారూ, ముందు మీ పిల్లలకి నా శభాష్‌లు చెప్పండి. నాది బొబ్బిలి. విశాఖలో పరిశోధన పేరుతో నాలుగేళ్ళు ఉల్లివేళ్ళు, ఎలుకల ఎముక మజ్జ చూసుకుంటూ గడిపాను. బొటనవేలికి ఎసిటోకార్మిన్ మరక నెలల తరబడి పోయేది కాదు.

మీకు సంబరం రాకపోవడం సరైనదే. మీ దగ్గర జవాబు ఉంది, ఇంకో భాగాహారం చెయ్యలేదంతే. మైక్రోన్యూక్లియస్ ఎప్పుడు పుడుతుంది? కణం రెండుగా విడిపోయేటప్పుడు విరిగిన ముక్క ఏ వైపుకీ పోలేక వెనకబడితే పుడుతుంది. విడిపోని కణంలో ఎంత దెబ్బ ఉన్నా బూంది గింజ కనబడదు. ఇప్పుడు మీ లెక్కలే చూడండి. చుట్టనీళ్ళలో 17కి 6. పసుపు గ్లాసులో 5కి 2. భాగిస్తే ఒకటి 0.35, ఇంకోటి 0.40. అంటే పసుపు దెబ్బని ఆపలేదు, కణాల్నే ఆపింది. కర్ఫ్యూ పెట్టి, చూశారా యాక్సిడెంట్లు తగ్గాయి అన్నట్టు. ఇంత చిన్న లెక్కలతో అటో ఇటో తేల్చడం కుదరదు, అది వేరే సంగతి. పైగా పసుపు ఒక్కటే వేసిన గ్లాసు మీరు పెట్టలేదు. అది పెడితే బాగా అర్థమవుతుంది. ఇంకో చిక్కు, కర్క్యుమిన్ నీళ్ళలో సరిగా కరగదు. మీ గ్లాసు అడుగున పచ్చటి మడ్డి మిగిలే ఉంటుంది.

ఇది స్కూలు తప్పేం కాదు. అచ్చయిన పరిశోధనల్లో కూడా ఈ గోతిలో పడ్డవాళ్ళున్నారు. అందుకే ఎలుకల్లో చేసేటప్పుడు పక్కనే ఇంకో లెక్క తప్పనిసరిగా రాస్తారు. సైక్లోఫాస్ఫమైడ్ (కణాల్ని దెబ్బతీసే కేన్సర్ మందు) ఇచ్చి మజ్జలో మైక్రోన్యూక్లియస్‌లు లెక్కపెడతారు కదా, కొత్త ఎర్రకణాలెన్ని, పాతవెన్ని అని కూడా చూస్తారు. కొత్తవి పడిపోయాయంటే మజ్జ కణాలు చస్తున్నాయని అర్థం. అప్పుడు "తగ్గాయి" అన్న మాటకి విలువ లేదు.

అలాగని మొక్కల్లో ఏమీ లేదని కాదు. పొగాకు పొగలో ఉండే బెంజోపైరీన్ సంగతే తీసుకోండి. అది నేరుగా డీఎన్‌ఏని ముట్టుకోదు. దాన్ని నీళ్ళలో కరిగేలా మార్చి బయటికి పంపుదామని మన ఒంటి ఎంజైములే పూనుకుంటాయి. ఆ పనిలో మధ్యలో ఒక పాపిష్టి రూపం తయారవుతుంది. అది డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానీన్‌కి అతుక్కుంటుంది. మొక్కల పదార్థాలు ఈ దారిలో రకరకాల చోట్ల అడ్డం పడతాయి. కర్క్యుమిన్ ఆ ఎంజైము జోరు తగ్గిస్తుంది. దానిమ్మ, ఉసిరి, కరక్కాయల్లో దొరికే ఎలాజిక్ ఆమ్లం ఆ పాపిష్టి రూపాన్నే పట్టుకుంటుంది. కోసుకూరల్లో (బ్రకోలీ, క్యాబేజీ జాతి) వచ్చే సల్ఫోరఫేన్ విషాన్ని కట్టి బయటికి తోసే ఎంజైముల్ని నిద్ర లేపుతుంది. ఆకుపచ్చదనం నుంచి చేసే క్లోరోఫిలిన్ పేగులోనే విషాన్ని అంటిపెట్టుకుని లోపలికి పోనివ్వదు. ఈ చివరిదానికి మనుషుల్లో గట్టి రుజువుంది. చైనాలో చీడాంగ్ అనే చోట బూజుపట్టిన తిండిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఎక్కువ. అక్కడ 180 మందికి నాలుగు నెలలు రోజుకి మూడుసార్లు వంద మిల్లీగ్రాముల క్లోరోఫిలిన్, లేదా ఉత్త బిళ్ళ ఇచ్చారు. క్లోరోఫిలిన్ మింగినవాళ్ళలో, డీఎన్‌ఏకి అతుక్కుని ఊడి మూత్రంలోకి వచ్చే అఫ్లాటాక్సిన్ ముక్కలు 55 శాతం తగ్గాయి. 2001లో వచ్చింది ఆ ఫలితం. మన శనక్కాయ ఊళ్ళకి కూడా పనికొచ్చే విషయం.

ఉసిరి మీద మన వాళ్ళ పని నాకు ఇష్టం. కలకత్తాలో అర్చనా శర్మ గారి బృందం సీసం, అల్యూమినియం ఇచ్చిన ఎలుకల్లో క్రోమోజోములు విరగడాన్ని ఉసిరికాయ రసం తగ్గిస్తుందా అని చూశారు. తగ్గించింది. విటమిన్ సి ఒక్కటే ఇచ్చినప్పటికంటే కాయ రసం బాగా పనిచేసింది.

ఇంక మీ 1992 పరిశోధన. అది మంచిదే, నేనూ దాన్ని చాలాసార్లు ఉదహరించాను. మూత్రం నుంచి తీసిన పదార్థాన్ని సాల్మొనెల్లా బాక్టీరియా మీద వేసి, ఎన్ని మార్పు చెందాయో చూస్తారు. బ్రూస్ ఏమ్స్ 1970లలో కనిపెట్టిన పరీక్ష అది. ఆ ఫలితం చెప్పేది ఒంట్లోంచి బయటికి పోయే విషం జోరు తగ్గిందని. 16 మంది, నెల రోజులు. అక్కడి నుంచి అంగిలి మీద మచ్చ మానుతుంది అనడానికి మధ్యలో పెద్ద ఏరే ఉంది, వంతెన లేదు. ఇంకోటి గమనించారా? వాళ్ళు ఇచ్చింది గ్రామున్నర పసుపు, అంటే అర చెంచా. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు అనుకుంటే రోజుకి 45 మిల్లీగ్రాములు. మీ సీసాలో ఒక్క బిళ్ళే 500, అంటే దాదాపు పదిహేడు గ్రాముల పసుపు. ఆ పరిశోధనని చూపించి ఈ బిళ్ళ అమ్మడం చారు చూపించి సాంబారు అమ్మడమే.

రాజాం తాతయ్య:

ఇంగ్లీషు మందుల గోల ఎందుకు తల్లీ. మా తరంలో నోటి పుండుకైనా, కడుపులో నులిపురుగుకైనా గాడిదగడపాకు కషాయం ఇచ్చేవాళ్ళం. మొక్క అన్నాక హాని ఉండదు. మామ్మగారికి పది రోజులు పరగడుపున ఇచ్చి చూడు.

ఉల్లివేరు:

తాతగారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ ఆకు మాత్రం వద్దు. అరిస్టలోకియా జాతి మొక్క అది. అందులో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం ఒంట్లో రూపం మారి డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. ఎడినీన్-థైమీన్ అక్షరాల జంటని థైమీన్-ఎడినీన్‌గా తిరగేసిపోతుంది. దొంగ తన చెప్పుల జాడ వదిలినట్టు. ఏళ్ళ తర్వాత గడ్డలో చూసినా ఇది ఎవరి పనో పట్టుకోవచ్చు. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడే మందులో ఈ జాతి మొక్క కలిసి ఆడవాళ్ళకి కిడ్నీలు పోయాయి, కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్లు వచ్చాయి. ఉద్దానం ఉన్న జిల్లాలో కూచుని కిడ్నీల్ని తినే ఆకు కాచుకోకూడదు.

మొక్క అన్నాక హాని ఉండదన్న మాట మీద ఏమ్స్ గారిదే ఒక లెక్కుంది. మొక్కలు పురుగుల్ని తరమడానికి తామే తయారుచేసుకునే రసాయనాల్లో అప్పటికి జంతువుల్లో పరీక్షించినవి 52. వాటిలో 27 ఎలుకజాతి జంతువుల్లో కేన్సర్ తెచ్చాయి. 1990 నాటి మాట. ఉల్లిపాయలోనే ఉండే క్వెర్సెటిన్, ఇవాళ సీసాల్లో అమ్ముతున్నారు కదా, అది ఆయన పరీక్షలో జన్యుమార్పులు తెస్తుందని 1977లోనే తేలింది. జంతువులకి తినిపిస్తే అంత హాని కనబడలేదు. గాజుపాత్రలో విషమయినది ఒంట్లో కాకపోవచ్చు. గాజుపాత్రలో అమృతమయినదీ అంతే.

సాలూరు పసుపుకొట్టు:

మాది మూడు తరాల పసుపు వ్యాపారం. ఏజెన్సీ నుంచి కొమ్ములు దింపుకుంటాం. సైన్సు నాకు రాదు, సరుకు తెలుసు.

అందరూ పసుపు గురించి మాట్లాడుతున్నారు, ఏ పసుపు అని ఎవరూ అడగలేదు. కొమ్ములు ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెడతారు. దొంగపని జరిగేది అక్కడే. రంగు మసకగా ఉన్న సరుకుకి పచ్చపొడి చల్లి తిప్పితే బంగారంలా తయారవుతుంది. ఆ పచ్చపొడి లెడ్ క్రోమేట్ అని మా అబ్బాయి చెప్పాడు. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే పసుపే దొరికిందని 2019లో పేపర్లో వచ్చిందట. పొడిలో అయితే మెటానిల్ ఎల్లో అని ఇంకో రంగు కలుపుతారు.

కాబట్టి కొమ్ములు కొని, కడిగి, ఎండబెట్టి, మరలో ఆడించుకోండి. గోరుతో గీకితే లోపల బయటా ఒకటే రంగుండాలి. టీచరమ్మ దగ్గర ఆసిడ్ ఉంటుంది కదా, పొడిలో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆసిడ్ నాలుగు చుక్కలు వెయ్యండి. గులాబీ రంగు వస్తుంది. తర్వాత నీళ్ళు పోస్తే ఆ రంగు పోవాలి. పోకపోతే ఆ పొట్లం పారెయ్యండి.

ఉల్లివేరు:

కొట్టు గారూ, మీకు దండం. లెడ్ క్రోమేట్‌లో ఉండేది ఆరు వేలెన్సీ క్రోమియం, అది స్వయంగా జన్యువుల్ని విరగ్గొట్టే రకం. జన్యువుల రక్షణకని తిని దానికే ఎదురు పన్ను కట్టడమన్నమాట. నాకు ఈ మాట తట్టకపోవడం సిగ్గుగా ఉంది.

పళ్ళ డాక్టర్, విజయనగరం:

మేడమ్, ఇలాంటి అంగిళ్ళు వారానికి కొన్నయినా చూస్తాను. సూటిగా చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు.

తెల్లబడ్డ అంగిలి, ఎర్రచుక్కలు (అవి వాచిన లాలాజల గ్రంథుల మూతులు) చుట్ట మానేస్తే చాలావరకు తగ్గడం నేను చూశాను. ఒక చోట మాత్రం రంగు, గట్టితనం వేరుగా ఉందంటే దానికి పసుపూ కాదు, ఉసిరీ కాదు, ముక్క పరీక్షే. అర గంట పని. తిమ్మిరి సూది వేస్తారు, రెండు కుట్లు పడితే పడతాయి. మామ్మగారికి "ముక్క" అని చెప్పకండి. "గోరంత తీసి చూస్తారు" అనండి. నేను అలాగే చెబుతాను, నిజం కూడా అదే.

ఇక బిళ్ళలు. అందులో మిరియాల సారం ఎందుకు వేశారో తెలుసా? కర్క్యుమిన్ ఒంటికి పట్టదు. 1998లో బెంగళూరు వాళ్ళు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరీన్ (మిరియాల్లోని ఘాటు పదార్థం) ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని చూపించారు. అందరూ ఇది గొప్పగా చెప్పుకుంటారు. పెరిగేది ఎలా? మందుల్ని బయటికి పంపే తలుపు దగ్గర పైపరీన్ అడ్డంగా కూచుంటుంది. ఆ తలుపు కర్క్యుమిన్‌కి ఒక్కదానికే కాదు. ప్రొప్రనలాల్, థియోఫిలిన్ లాంటి మందులు కూడా రక్తంలో పెరిగినట్టు రుజువైంది. 78 ఏళ్ళ మనిషి బీపీ బిళ్ళో, రక్తం పలచబడే బిళ్ళో వేసుకోకుండా ఉంటారా? ఆ చీటీ ఒకసారి చూడండి. ఎక్కువ మోతాదు పసుపు బిళ్ళలతో లివర్ దెబ్బతిన్న కేసులు కూడా విదేశాల్లో నమోదయ్యాయి. కూరలో వేసుకునే పసుపుకి ఈ భయం లేదు.

పొగతాగేవాళ్ళకి బిళ్ళలిచ్చి బోల్తాపడ్డ కథ ఇంతకుముందే ఒకటుంది. కాయగూరల్లోని బీటా కెరోటిన్ మంచిదని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళని తీసుకుని, కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బిళ్ళ మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువ. క్యారెట్ తప్పు చెయ్యలేదు, సీసా చేసింది.

అయితే మీరు నిరాశపడకూడదని ఇంకోటి. మన అడ్డపొగ వాళ్ళ మీదే జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఏడాది పాటు ఇచ్చి చూశారు. ఉత్త బిళ్ళ మింగినవాళ్ళతో పోలిస్తే నోటి మచ్చలూ తగ్గాయి, నోటి కణాల్లో మైక్రోన్యూక్లియస్‌లూ తగ్గాయి, 1995లో అచ్చయింది. అంటే ఒంటికి పోషణ తక్కువైన చోట సరైన తిండి పడితే కణం కొంత తేరుకుంటుంది. మీ ఊళ్ళో చేపకి కరువు లేదు. మామ్మగారు అమ్మేవాటిలో నాలుగు ఇంట్లో ఉంచమనండి.

కళింగపట్నం టీచరు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పదిరోజులు ఆలస్యంగా రాస్తున్నాను, పరీక్షల గొడవలో ఉన్నాను.

ఉల్లివేరు గారూ, నాలుగో గ్లాసు పెట్టాం. పసుపు ఒక్కటే, చుట్ట లేదు. 500 కణాల్లో విడిపోతున్నవి 12. మంచినీళ్ళలో 41 అని గుర్తుంది కదా. బోర్డు మీద మీ భాగాహారం చేయించాను. "అయితే పసుపు ఓడిపోయిందా టీచర్?" అని ఒకడు మొహం వేలాడేశాడు. గెలుపూ కాదు ఓటమీ కాదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు అన్నాను. ఆఖరి బెంచీ పిల్ల ఒకతి, "మరి మొన్న బల్లలెందుకు కొట్టనిచ్చారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆసిడ్ పరీక్ష కూడా చేశాం, నేనే దగ్గరుండి. పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చిన తొమ్మిది పొట్లాల్లో ఒకదాంట్లో గులాబీ రంగు పోలేదు. ఎవరింటిదో ఇక్కడ చెప్పను. ఆ పిల్లవాడి అమ్మతో విడిగా మాట్లాడాను.

నాన్నమ్మ చీటీ చూశాను. బీపీకి వేసుకునేది ప్రొప్రనలాలే! డాక్టర్ గారూ, మీరు ఆ పేరు రాసిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. సీసా తలగడ కింద నుంచి తీసేశాను. అప్పటికి పదకొండు బిళ్ళలు అయిపోయాయి. బీపీ చూసే డాక్టరుకి చెప్పాం, నాడీ బీపీ చూసి ఫర్వాలేదన్నారు. చుట్టాలబ్బాయి మాతో మాట్లాడటం మానేశాడు.

నాన్నమ్మని ఒప్పించిన తీరు చెబుతాను. ఆదివారం స్కూలు తాళం తీయించి తీసుకెళ్ళాను. ఐస్‌క్రీము పుల్లతో బుగ్గ లోపల మెల్లిగా గీకి, స్లైడు మీద పూసి, రంగు వేసి చూడమన్నాను. ఒక కన్ను మూయడం రాక చీరకొంగుతో కట్టుకుంది. చాలాసేపు చూసి, "ఇది నా నోరేటి? నూకలు ఆరబోసినట్టున్నాదే" అంది. దెబ్బతిన్న కణాలు చూపిద్దామని వెతికాను. రెండు మూడు చోట్ల అనుమానంగా బూంది గింజల్లాంటివి కనబడ్డాయి.

ఉల్లివేరు:

మేడమ్, మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నోటి కణాల్లో మామూలు రంగుతో కనబడేవి కెరటిన్ గింజలు కూడా కావచ్చు. ఫ్యూల్జెన్ రంగు డీఎన్‌ఏకే పడుతుంది, అది లేకుండా లెక్కలోకి తీసుకోవద్దు.

కళింగపట్నం టీచరు:

తీసుకోలేదండీ. నాన్నమ్మకి కూడా ఏమీ చెప్పలేదు. తనే అడిగింది, "గోరంతేనా తీసేది?" అని. గురువారానికి ఒప్పుకుంది. బస్సులో కిటికీ సీటు, వచ్చేటప్పుడు పకోడీలు, ఇవి షరతులు. రెండు రోజుల నుంచి చుట్టని తిరగేసి, నిప్పు బయటికి పెట్టి తాగుతోంది. "సప్పగా ఉన్నాది, మంచినీళ్ళు తాగినట్టు" అని గొణుగుతోంది. పూర్తిగా మానమని నేను ఇంకా అనలేదు. గురువారం అయ్యాక అంటాను.

పళ్ళ డాక్టర్, విజయనగరం:

పకోడీలు ఆ రోజు కుదరవు మేడమ్. వేడివి, గట్టివి రెండు మూడు రోజులు వద్దు. మజ్జిగన్నం చల్లార్చి పెట్టండి. పకోడీలు కుట్లు తీసిన రోజుకి మార్చండి, షరతు తప్పినట్టు కాదు.

సాలూరు పసుపుకొట్టు:

టీచరమ్మా, చుట్టనీళ్ళలో నానిన ఆ ఉల్లిపాయల్ని ఏం చేశారు? కూరలో వేసేస్తారేమోనని భయంగా ఉంది.

కళింగపట్నం టీచరు:

స్కూలు వెనక గొయ్యి తీసి పాతేశాం. మధ్యాహ్న భోజనం వండే అక్క రెండుసార్లు అడిగింది, మంచి ఉల్లిపాయలే కదమ్మా అని.